ఓడ వెనక్కి వచ్చిన ఏడాది

ఆ ఏడాది నారింజలు విరగకాశాయి. చెట్టుకి నాలుగు కాసి ఊరుకున్నా మా ఇంటికి ఆ గతి పట్టేది కాదేమో అని చాలాసార్లు అనుకున్నాను. అనుకుని నన్ను నేనే తిట్టుకున్నాను. చెట్లేం చేశాయి పాపం, వాటి పని అవి చేశాయి.

నేను పండ్ల షెడ్డులో కాగితం చుట్టేదాన్ని. తోటల నుంచి వచ్చిన పండ్లని కడిగి, ఆరబెట్టి మా బల్లల మీద పోసేవాళ్ళు. ఎడమ చేత్తో పండు తీసుకోవాలి, కుడి చేత్తో పల్చని కాగితం తీసుకోవాలి, రెండూ కలిసిన చోట ఒక్క మెలిక తిప్పి పెట్టెలో పెట్టాలి. చెప్పడానికి తేలికే. తొక్కలోంచి ఊరే నూనె వేళ్ళ సందుల్లోకి దిగి చర్మం పగిలిపోయేది. కాపు నడిచినన్నాళ్ళూ చేతికి ఉప్పు తగిలితే ప్రాణం విలవిల్లాడేది. ఆ కాగితం మీద ఒక బొమ్మ ఉండేది, బుట్ట పట్టుకుని నవ్వే పిల్ల. అలాంటి పిల్లని మా ఊళ్ళో ఎవరూ ఎన్నడూ చూడలేదు. బొమ్మ కింద దొరల దేశం పేరు. పండు మాది, నీళ్ళు మావి, పగిలిన చేతులు మావి, పేరు మాత్రం వాళ్ళది. నాకది తప్పుగా తోచలేదు. పుట్టినప్పటి నుంచీ కళ్ళముందు ఉన్నదాన్ని ఎవరు మాత్రం తప్పనుకుంటారు?

మా ఆయన అదే షెడ్డు పెరట్లో పెట్టెలు కొట్టే వడ్రంగి. నోట్లో మేకులు పెట్టుకుని పని చేసీ చేసీ, మేకులు లేనప్పుడు కూడా నోరు తెరవడం మర్చిపోయాడని నేను వేళాకోళం చేసేదాన్ని. మా అమ్మ, తమ్ముడు కూడా మాతోనే ఉండేవాళ్ళు. తమ్ముడు రేవులో పనివాడు. మేము నింపిన పెట్టెల్ని ఓడలోకి ఎక్కించడం వాడి పని. అంటే, పండు తోట దాటాక మా ఇంటివాళ్ళ చేతుల మీదుగానే సముద్రం దాకా వెళ్ళేదన్నమాట.

నా నోటి గురించి ముందే చెప్పేస్తాను. అది మంచి నోరు కాదు. కుళాయి దగ్గర నేను గొంతు సవరించుకుంటే చాలు, ముందున్న బిందెలు వాటంతట అవే పక్కకి జరిగేవి. నా చేత అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది మా తమ్ముడే. చంకనెత్తుకుని పెంచాను కాబట్టి ఆ హక్కు నాదనుకునేదాన్ని. వాడు ఎన్నడూ ఎదురు చెప్పలేదు. తిట్టి తిట్టి అలిసిపోతానేమోనని మధ్యలో మంచినీళ్ళు తెచ్చిచ్చిన రోజులు కూడా ఉన్నాయి. కోపం మరీ ముదిరితే తిట్టడం కూడా మానేసి, మాటలు మానేసేదాన్ని. అప్పుడు మా ఇద్దరికీ అమ్మే రాయబారి. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని, అమ్మా, నీ కొడుక్కి చెప్పు, చెప్పులు గడప అవతల విప్పమని, అనేదాన్ని. వాడు నా మొహంలోకే చూస్తూ, అమ్మా, నీ కూతురికి చెప్పు, అవి బావ చెప్పులని, అనేవాడు. అమ్మ మాత్రం ఎవరూ ఏమీ విననట్టు ఆ మాట మళ్ళీ మొదటి నుంచీ చెప్పేది. ఒక్క అక్షరం మార్చేది కాదు, మింగేది కాదు. ఒకరి మాట మోసేటప్పుడు మధ్యలో మన చెయ్యి పెట్టకూడదనేది.

కాపు మొదలైన కొత్తల్లో ఒక సాయంత్రం అందరం అన్నాలకి కూర్చున్నాం. తమ్ముడు చాలాసేపు అన్నం కెలికి, అక్కా, ఈసారి మీరు చుట్టిన పళ్ళు అవతల ఎవరూ దించరు, అన్నాడు.

మొదట నాకేమీ అర్థం కాలేదు. నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. దేశాలన్నీ కలిసి కూర్చునే పెద్ద సభ ఒకటుందట. ఎవరి దేశాన్ని వాళ్ళే ఏలుకోవాలి, ఎలా ఏలుకోవాలో కూడా వాళ్ళే తేల్చుకోవాలి అని అక్కడ తీర్మానం చేశారట. దొరలు అది విని, తల ఊపి, ఇక్కడే కూర్చున్నారు. అందుకని మా రేవు సంఘంవాళ్ళు పండ్లు దిగే దేశాల రేవు పనివాళ్ళకి కబురు పంపారు, దొరలు మా ఊరు వదిలేదాకా ఇక్కడి పెట్టె ముట్టవద్దని. వాళ్ళు సరేనన్నారు. ఆ కబురు పంపినవాళ్ళలో మా తమ్ముడొకడు. అది చెప్పేటప్పుడు వాడి మొహం వెలిగిపోయింది.

"మన గోల వాళ్ళకి వినపడదక్కా. రాబడి ఆగితే వినపడుతుంది" అన్నాడు.

"పని ఆగితే నా కడుపు గోల ఎవరికి వినపడుతుందిరా?" అన్నాను.

కొన్నాళ్ళే అన్నాడు. ఎన్నాళ్ళని అడిగితే వాడికీ తెలియదు. పోనీ, మమ్మల్ని కూడా పని ఆపమంటావా అని మా ఆయన అడిగాడు. వద్దు బావా, మీరు ఆపితే మిమ్మల్ని తీసేసి ఇంకొకళ్ళని పెట్టుకుంటారు, ఆపాల్సింది అవతలివాళ్ళే, అన్నాడు తమ్ముడు. ఆ మాటతో నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎవరో మొహం తెలియనివాళ్ళు సముద్రం అవతల చేతులు కట్టుకుని నిలబడతారట, ఇక్కడ మా పొయ్యి ఆరిపోతుందట. కంచం ముందు నుంచి లేచిపోయాను. అమ్మా, నీ కొడుక్కి చెప్పు, ఈ పూట నుంచి వాడితో నాకు మాటల్లేవు, అన్నాను. అమ్మ వాడి వైపు తిరిగి, ఈ పూట నుంచి నీతో మాటల్లేవట, అంది. మా ఇంట్లో ఎన్నోసార్లు విన్న మాటే కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మొదటి ఓడ వెళ్ళింది. మిగతా పనివాళ్ళతో కలిసి దాన్ని నింపింది మా తమ్ముడే. పెట్టెలు ఎప్పటిలాగే కుదుపు లేకుండా పేర్చాడట. షెడ్డులో మేము రెండో ఓడకి చుట్టడం మొదలుపెట్టాం. బల్లకి అవతల నాకెదురుగా గుసగుస పిన్ని కూర్చునేది. ఆవిడ రహస్యమని చెవిలో చెప్పింది పెరట్లో మేకులు కొట్టేవాళ్ళకి కూడా వినపడేది, అందుకే ఆ పేరు. ఒక రోజు ఆవిడ ముందుకి వంగి, ఓడ వెనక్కి వస్తోందటే, అని నాకు రహస్యంగా చెప్పింది. షెడ్డంతా చేతులాపేసింది.

అవతల ఒక రేవులో పెట్టె ముట్టలేదు. ఇంకో రేవుకి తీసుకెళ్తే అక్కడా ముట్టలేదు. పనివాళ్ళు గట్టున కూర్చుని ఓడని చూస్తూ సిగరెట్లు కాల్చుకున్నారట. తిరిగి తిరిగి ఓడ మా ఊరికే వచ్చింది. అది గట్టుకి చేరకముందే వాసన ఊళ్ళోకి చేరింది. గొంతులో అడ్డుపడే తియ్యటి వాసన, ఎన్నిసార్లు ఉతికినా బట్టల్ని వదల్లేదు.

పనికొచ్చేవి ఏమైనా ఉంటే ఏరమని మేనేజరు మా అందరినీ పిలిపించాడు. మేము చుట్టిన కాగితాలు మేమే విప్పాం. చుట్టడానికి ఒక్క మెలిక చాలింది గానీ విప్పడానికి గోళ్ళతో గీకాల్సి వచ్చింది. కాగితం పండులోకి ఇంకిపోయింది. బుట్ట పట్టుకున్న పిల్ల మొహమంతా ఆకుపచ్చ బూజు, కింద దొరల దేశం పేరు మాత్రం చెక్కుచెదరలేదు. మా ఆయన తను కొట్టిన మేకులు తనే పీకుతూ పెరట్లో కూర్చున్నాడు. గుసగుస పిన్ని పని చేస్తూనే ఏడ్చింది. ఆవిడ భర్త మంచాన పడి ఉన్నాడు, షెడ్డు కూలి తప్ప ఆ ఇంటికి వేరే దిక్కు లేదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. చేత్తో ముద్దుగా చేసిన పని కళ్ళముందు కుళ్ళి కారుతుంటే ఎవరికైనా మండుతుంది. ఏరడానికి ఏమీ దొరకలేదు. ఊరి బయట గొయ్యి తీయించి అన్నీ పాతిపెట్టారు. మర్నాడు వెళ్ళేసరికి షెడ్డు తలుపులు మూసి ఉన్నాయి.

వెనక్కి వస్తుంటే మా వీధి మొదట్లో తమ్ముడు కనిపించాడు. మాటల్లేవు కాబట్టి వాడితో మాట్లాడలేదు. వాడి గురించి వీధితో మాట్లాడాను. చూడండమ్మా మా ఇంటి పెద్దమనిషిని, లోకాన్ని బాగు చేస్తాడట, బాగు చేయడం అక్క కంచంలో మట్టి పోయడంతో మొదలుపెట్టాడు, అన్నాను. ఎక్కడో తెలియని దేశంలో పనివాడికి మా మీద జాలేసిందట, ఆ జాలి మా చేత గొయ్యి తీయించిందని అన్నాను. ఇంకా చాలా అన్నాను. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. వాడు తలొంచుకుని మొత్తం విన్నాడు, నేను ఆపాక నా వెనకే నడిచి ఇంటికొచ్చాడు. ఆ తర్వాత కూడా రోజుకోసారైనా వీధికి వినపడేలా అరిచాను. ఇంట్లో ఒక్కొక్క వస్తువూ అమ్ముడుపోతోంది. అరవకపోతే ఆ మంట ఏం చేసుకోను?

అదంతా విన్నవాళ్ళలో మేనేజరు ఒకడు. ఆయన ఇల్లు మా వీధి మొదట్లోనే. మనవాడే. దొరలు ఆ కుర్చీలో కూర్చోబెట్టారు గానీ, ఆయన ఎప్పుడూ దాని అంచు మీదే కూర్చునేవాడు, ఎవరైనా పిలుస్తారేమోనని.

తమ్ముణ్ణి పట్టపగలు రేవులో పట్టుకున్నారు. ఆ పూట కబురు తెచ్చింది మా ఆయన. గుమ్మంలో నిలబడ్డాడు. నోట్లో మేకులు లేవు, అయినా మాట బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. సంఘంవాళ్ళని నలుగురైదుగురిని తీసుకెళ్ళారని చెప్పాడు. అమ్మ గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయింది. నాకు మాత్రం వాడు పొద్దున అన్నం తినకుండా వెళ్ళిన సంగతే గుర్తొచ్చింది. నేను గిన్నెలు విసురుగా పెడుతుంటే, ఆకలి లేదని అక్కకి చెప్పమ్మా, అని వెళ్ళిపోయాడు.

అంతకు కొద్దిరోజుల ముందే ఊళ్ళో ఇంకో సంచలనం మొదలైంది. ఆ పెద్ద సభ నుంచి ముగ్గురు మనుషులు మా ఊరికి వస్తున్నారట. ఇక్కడి జనం ఏం కోరుకుంటున్నారో ఊరి హాల్లో కూర్చుని వాళ్ళ నోటి వెంటే వింటారట. వాళ్ళు నడిచే వీధులకి సున్నం కొట్టారు, గుంతలు పూడ్చారు. ఎన్నేళ్ళు మొత్తుకున్నా బాగుపడని మా కుళాయికి కొత్త పిడి వచ్చింది. దాన్ని ఎత్తుకుపోతారేమోనని ఒక పోలీసు కాపలా.

మేనేజరు మా ఇంటికి వచ్చిన రోజు, మా ఆయన ఆయన కోసం ఒక ఖాళీ పెట్టె బోర్లించి వేశాడు. కుర్చీ అప్పటికే అమ్మేశాం. ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. పళ్ళు కొనకుండా చేస్తే దొరలకి పోయేదేమీ లేదని, చచ్చేది మనలాంటివాళ్ళమని అన్నాడు. వచ్చే ముగ్గురికీ ఆ సంగతి కష్టపడేవాళ్ళే చెప్పాలని, ఊళ్ళో నాకంటే బాగా చెప్పేవాళ్ళు లేరని అన్నాడు. అవతలివాళ్ళు మళ్ళీ కొనడం మొదలుపెడితే షెడ్డు తెరుస్తారు. పోలీసు అధికారితో తను మాట్లాడతాడు, తమ్ముడు ఇంటికొచ్చేస్తాడట.

"నేను అబద్ధం చెప్పమనట్లేదమ్మా" అన్నాడు. "వీధిలో అన్న మాటే హాల్లో అను. అంతే."

నేను నోరు తెరిచేలోపే అమ్మ, చెబుతుంది బాబూ, అంది. ఆయన చేతులు పట్టుకుని, చెబుతుంది, నా కొడుకుని పంపించు, అంది. మా అమ్మ నా బదులు మాట ఇవ్వడం అదే మొదటిసారి. ఆ సాయంత్రమే గుసగుస పిన్ని వచ్చి, నీ నోటితో పదిమందికి పని పడిందే, అని నా చెవిలో చెప్పింది, పక్కింటి వాళ్ళు కూడా అవునన్నారు.

నిజం చెప్పాలంటే నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. షెడ్డు తెరవాలని నాకు లేదా? తమ్ముడు రావాలని లేదా? అన్నీ నేను అన్న మాటలే. అయినా ఆ పెట్టె మీద కూర్చుని ఆయన నా తిట్లు నాకే అప్పజెప్పాడు. వాణ్ణి నేను తిట్టుకుంటే అది నా ఇంటి సంగతి. ఆయన నోట్లో అవే మాటలు వేరేగా వినపడ్డాయి.

జైల్లో తమ్ముణ్ణి చూడటానికి అమ్మకీ నాకూ వెంటనే అనుమతి దొరికింది. మేనేజరు చలవే అయ్యుంటుంది. మధ్యలో ఇనప జల్లెడ, అటు వాడు, ఇటు మేము. ఒక కన్ను వాచి మూసుకుపోయింది, పెదవి చిట్లింది. దారంతా వాడితో ఏమనాలో కూడబలుక్కుని వెళ్ళినదాన్ని, ఆ మొహం చూసేసరికి అవన్నీ మర్చిపోయాను. మాటల్లేనివాళ్ళం ఎక్కడ మొదలుపెట్టాలి? వాడు జల్లెడలోంచి నన్నే చూస్తూ, "అమ్మా, అక్క చేతులు ఎలా ఉన్నాయో అడుగు" అన్నాడు.

అమ్మ నా వైపు తిరిగి, చేతులు ఎలా ఉన్నాయని అడుగుతున్నాడు, అంది.

అప్పుడు చూసుకున్నాను. షెడ్డు మూతపడ్డ దగ్గర నుంచీ తొక్క నూనె తగలక పగుళ్ళన్నీ మానిపోయాయి. పనిలో చేరాక కాపు రోజుల్లో నా చేతులు అంత నున్నగా ఎప్పుడూ లేవు. మానిపోయాయని చెప్పమ్మా, వాడి పుణ్యమా అని, అన్నాను. వాడికి నవ్వొచ్చింది. నవ్వితే పెదవి చిట్లినచోట నెత్తురు వచ్చింది, చేత్తో అదుముకున్నాడు.

అమ్మ మేనేజరు సంగతంతా చెప్పింది. హాల్లో అక్క ఆ నాలుగు మాటలూ అంటే ఇంటికొచ్చేస్తావని చెప్పింది. వాడు అంతా విన్నాడు.

"అమ్మా, అక్కకి చెప్పు. తనకి ఏది నిజమనిపిస్తే అది చెప్పమను. నా గురించి చూడొద్దను" అన్నాడు.

అమ్మ నా వైపు తిరగలేదు. చేతిలో సంచి సర్దుకుంది. కాపలావాడు టైమైందన్నాడు. బయటికొచ్చాం, ఇల్లు చేరాం. అమ్మ ఆ మాట నాకు చెప్పలేదు.

హాలంతా కొత్త రంగు వాసన. వేదిక మీద ముగ్గురు. ఇద్దరు మగవాళ్ళు, మధ్యలో జుట్టు నెరిసిన ఒకావిడ. మేము అన్నది వాళ్ళ భాషలోకి చెప్పడానికి మా ఊరి బడి పంతులుని నిలబెట్టారు. ముందు వరసలో మేనేజరు, తలుపు దగ్గర పోలీసు అధికారి. షెడ్డు ఆడవాళ్ళంతా ఒక పక్కన కూర్చున్నారు, వాళ్ళ మధ్య అమ్మ. మా ఆయన వెనక గోడకి ఆనుకుని ఉన్నాడు. నాకంటే ముందు ఇద్దరు వ్యాపారులు మాట్లాడారు. ఇక్కడ అందరూ సుఖంగా ఉన్నారని వాళ్ళు చెప్పారు.

నా వంతు రాగానే లేచాను. వీధిలో అన్నవన్నీ అన్నాను. ఓడ వెనక్కి వచ్చిందని, చుట్టిన చేతులతోనే విప్పామని, గొయ్యిలో పోశామని చెప్పాను. పిన్ని భర్తకి మందు లేదని, మా ఇంట్లో కుర్చీ లేదని చెప్పాను. మీ దేశాల పనివాళ్ళు పెట్టె ముట్టకపోతే ఇక్కడ మా పొయ్యి ఆరిపోయిందని చెప్పాను. అలా చేయమని అడిగినవాళ్ళలో నా తమ్ముడొకడని, వాడితో నాకు మాటల్లేవని కూడా చెప్పాను. షెడ్డు ఆడవాళ్ళు తలలూపారు. మేనేజరు వెనక్కి వాలి కూర్చున్నాడు, ఆయన అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

జుట్టు నెరిసినావిడ అంతా రాసుకుని తలెత్తింది. అయితే మీ పండ్లు మళ్ళీ కొనమని మా దేశాలకి చెప్పమంటావా, అని అడిగిందని పంతులు చెప్పాడు.

అమ్మ వైపు చూశాను. చెప్పవే అన్నట్టు గడ్డం కొంచెం ఎత్తింది. చెబుదామనే అనుకున్నాను. ఎందుకో చేతుల వైపు చూసుకున్నాను. మీరు ఎప్పుడైనా మా పండు తిన్నారా అని ఆవిణ్ణి అడిగాను. చిన్నప్పుడు తినేవాళ్ళమంది. చాలా బాగుండేవంది. ఎక్కడివి అనుకునేవాళ్ళు అని అడిగితే, దొరల దేశం పేరు చెప్పింది.

"మీరు కొనడం మానేశారని నాకు కోపం లేదమ్మా" అన్నాను. "ఇన్నేళ్ళూ ఎవరివని అడక్కుండా కొన్నారు, దానికే కోపం. ఇప్పుడు మానేశారు కదా. ఈ దొరలు వెళ్ళేదాకా మళ్ళీ మొదలుపెట్టకండి. మా పాట్లు మేం పడతాం."

పంతులు తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత చెప్పాడు. మొత్తం చెప్పాడో లేదో నాకెలా తెలుస్తుంది? ఆవిడ రాయడం ఆపి నన్నే చూస్తూ ఉండిపోయింది కాబట్టి చెప్పే ఉంటాడు. ఇంకో మాట ఉందన్నాను. నా తమ్ముడు ఈ ఊరి జైల్లోనే ఉన్నాడు, వాడి కన్ను వాచి మూసుకుపోయింది, వెళ్ళి చూడండి, అన్నాను. వాళ్ళు చూస్తే వాణ్ణి ఎవరూ ఏమీ చేయలేరని నా నమ్మకం. ఆవిడ మళ్ళీ రాసుకుంది.

బయట మెట్ల మీద గుసగుస పిన్ని నా భుజం పట్టుకుంది. ఎంత పని చేశావే, అంది చెవిలో. ఆ ఒక్కసారి ఆవిడ గుసగుస నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. తిట్టిందో, మెచ్చుకుందో అడగలేకపోయాను. అమ్మ మాకంటే ముందుగా, ఒంటరిగా నడిచి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచీ అమ్మ నాతో మాట్లాడలేదు. బాబూ, మీ ఆవిడకి చెప్పు, నీళ్ళు కాగాయని, అనేది మా ఆయనతో. పాపం, మాటంటేనే బరువైన మనిషి, మా ఇద్దరి మాటలూ మోయాల్సి వచ్చింది. నీళ్ళు కాగాయట, అనేవాడు నాతో, తప్పు తనదైనట్టు. మేనేజరు మా వీధిలో తల తిప్పుకుని నడిచేవాడు. షెడ్డు తెరవలేదు. ఆ ముగ్గురూ జైలుకి వెళ్ళారని విన్నాం. సున్నం కొట్టిన గదులు చూపించారట. ఎవరిని చూశారో, ఎవరిని చూడలేదో మాకు చెప్పేవాళ్ళు లేరు. వాళ్ళు వెళ్ళిపోగానే కుళాయి దగ్గర కాపలా తీసేశారు, పిడి కూడా పోయింది.

కొన్నాళ్ళకి తమ్ముణ్ణి చూడటానికి మళ్ళీ అనుమతి వచ్చింది. ఒక్కరికే. అమ్మ పేరు మీద వచ్చింది. పొద్దున్నే లేచి వాడికి రొట్టెలు కాల్చి మూట కట్టింది. నేను మూల నిలబడి చూస్తున్నాను. ఆవిడ గడప దాటేలోపు చెప్పాలి. మా ఆయన్ని పిలిచి, "అమ్మతో చెప్పండి. వాడితో నేను మాట్లాడుతున్నానని వాడికి చెప్పమనండి" అన్నాను. మా ఆయన ఆ మాట అమ్మకి చెప్పాడు. అమ్మ నా వైపు చూడలేదు, కానీ మూట ముడి వేస్తున్న చేతులు ఒక్క క్షణం ఆగాయి. మోస్తుందని నాకు తెలుసు.

తర్వాత సంగతులు అందరికీ తెలిసినవే. ఆ ముగ్గురూ తమ సభలో ఏదో చదివారట, ఇంకొన్ని దేశాలు పండ్లు కొనడం మానేశాయి, ఇంకొన్ని కాపులు గొయ్యిలోకి పోయాయి, చివరికి దొరలు జెండా దింపుకుని అదే రేవులో ఓడెక్కారు. ఇప్పుడు షెడ్డులో కాగితం మీద మా దేశం పేరే ఉంది. బుట్ట పట్టుకున్న పిల్ల బొమ్మ మాత్రం మార్చలేదు. ఆ రోజు హాల్లో నేను చాలా గొప్ప మాట అన్నానని కొత్తవాళ్ళకి నన్ను చూపించి చెబుతారు. నేను మాట మార్చేస్తాను. జైళ్ళు తెరిచినప్పుడల్లా అమ్మ రొట్టెల మూటతో వెళ్ళి నిలబడింది, ప్రతిసారీ మూట విప్పకుండానే తిరిగి తెచ్చింది.

మొదటిసారి అలా తెచ్చింది, ఆ ఒక్కరి అనుమతి మీద వెళ్ళిన రోజే. పొద్దు వాలుతుండగా వచ్చి గడప మీద కూర్చుంది. మూట పక్కన పెట్టింది, వేసిన ముడి వేసినట్టే ఉంది. మా ఆయన లేచి దగ్గరికి వెళ్ళాడు, ఏమైనా చెబితే నాకు అందించడానికి. అమ్మ ఆయన్ని చూడకుండా నా వైపు తిరిగింది.

"వాడక్కడ లేడే" అంది నాతోనే. "ఎక్కడికి తీసుకెళ్ళారంటే తెలియదన్నారు. వాళ్ళు చూడ్డానికి వచ్చే ముందే తీసుకెళ్ళిపోయారట. నీ మాట చెప్పలేకపోయాను."

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. చూడమని వాళ్ళకి చెప్పింది నేనే. ఆ మాట అమ్మ అంటుందని ఎదురుచూశాను. అంటే నేను పడి ఉండేదాన్ని. అమ్మ అనలేదు. నా రెండు చేతులూ తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది, బొటనవేలితో నా వేళ్ళ సందులు తడిమి చూసింది.

"వాడు నీకు చెప్పమన్నది ఒకటుంది. ఆ రోజు చెప్పలేదు. నాకు మనసొప్పలేదు" అంది. తర్వాత వాడి మాటని వాడు అన్నట్టే, ఒక్క అక్షరం మార్చకుండా, మొదటి నుంచీ చెప్పింది. "అక్కకి చెప్పు. తనకి ఏది నిజమనిపిస్తే అది చెప్పమను. నా గురించి చూడొద్దను."

చెప్పి, నా మొహంలోకి చూసింది. నేను తలూపాను. ఆ మాట జల్లెడ దగ్గరే విన్నానని అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు.